మోకాలు మార్చేది డాక్టరు, మరి వంచేదెవరు?

నాకు కుడి మోకాలు మార్పిడి అయిందని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఎక్కడ చేయించారు, డాక్టరెవరు, ఎంతయింది. మల్కాజిగిరిలో మా వీధిలో అరవై దాటిన ఆడవాళ్ళలో మోకాళ్ళ నొప్పి లేనిదెవరో వెతుక్కోవాలి, కాబట్టి ఇవేవో మర్యాదకి అడిగే ప్రశ్నలు కావు, నిజంగానే లోపల లెక్కలేసుకుంటున్నారు పాపం. కానీ ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా "ఇంటికొచ్చాక ఎవరు చూసుకున్నారు, ఫిజియో ఎన్నాళ్ళు చేయించారు, ఇప్పుడు ఎంతవరకు వంగుతోంది" అని అడగలేదు. నన్నడిగితే డాక్టరు పేరు కంటే ముందు తెలుసుకోవాల్సింది అదే.

ఎందుకంటే ఆపరేషన్ అనేది గంటన్నర రెండు గంటల పని. అరిగిపోయిన ఎముక చివర్లు పల్చగా కోసేసి, తొడ ఎముక చివర లోహపు తొడుగు వేసి, కింద కాలి ఎముక మీద ఒక లోహపు పళ్ళెం పెట్టి, రెండిటి మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క ఇరికిస్తారు, మామూలుగా అయితే వాటిని ఎముకకి ఒక రకం సిమెంటుతో అతికిస్తారు. మర్నాడే, కొన్నిచోట్ల అదే రోజు సాయంత్రమే, వాకర్ ఇచ్చి నిలబెట్టేస్తారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత కుట్లు తీయడానికి ఓసారి, ఎక్స్‌రే చూడడానికి ఓసారి, అంతే, డాక్టరుగారి మొహం మళ్ళీ కనపడేది అప్పుడప్పుడే. కీలు చక్కగా కూర్చుంది, ఒప్పుకుంటా. కానీ దాన్ని ఆడించాల్సింది తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండ కదా, అది మొదటి నెలలోనే తన బలంలో సగం దాకా పోగొట్టుకుంటుంది. ఇంకోపక్క కోసిన చోట లోపల మానుతున్న కొద్దీ గట్టిపడుతూ ఉంటుంది. వంచాల్సిన రోజుల్లో వంచకపోతే అది అలాగే బిగుసుకుపోతుంది. మరీ బిగుసుకుపోతే మళ్ళీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళి మత్తిచ్చి బలవంతంగా వంచుతారు, అది కూడా మొదటి మూడు నెలల్లోపు చేస్తేనే బాగా పనిచేస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ లాభం తగ్గుతుంది.

ఇంత కథ ఇంట్లో నడవాల్సి ఉంటే మనం డబ్బులు మాత్రం ఎక్కడ పెడుతున్నాం? ఇంప్లాంట్ మీద, అంటే లోపల పెట్టే ఆ కృత్రిమ కీలు మీద. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టింది, అప్పటిదాకా లక్షన్నర పైన అమ్ముతున్న మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలు 54,720 రూపాయలకి దిగింది, టైటానియం లాంటి ప్రత్యేక లోహాలవి 76,600కి, జీఎస్టీ అదనం. తర్వాత ఆ అంకెలు కొంచెం అటూఇటూ అయ్యాయనుకోండి, కానీ ఇంప్లాంట్ ఖర్చు మునుపటిలా లేదన్నది మాత్రం నిజం. అయినా మావాళ్ళు నాలుగు హాస్పిటళ్ళు తిరిగి, బంగారు రంగు మోకాలా మామూలు మోకాలా, రోబోతో చేసేదా చేత్తో చేసేదా అని రాత్రి పదకొండు దాకా యూట్యూబ్ చూసి చర్చించుకున్నారు. మెట్రో స్తంభాల మీద ప్రకటనలు కూడా అవే చెప్తాయి కదా, ఆపరేషన్ అయిన మర్నాడే పరిగెత్తేస్తున్నట్టు నవ్వుతున్న పెద్దావిడ ఫొటో వేసి. లక్షల దగ్గర ఎవరూ నోరెత్తలేదు. తీరా ఇంటికొచ్చాక ఫిజియో అమ్మాయి విజిట్‌కి 700 అనగానే మావారు "వారానికి రెండుసార్లు వస్తే చాలదా అమ్మా, మిగతా రోజులు మేం చేయిస్తాంగా" అని బేరం మొదలుపెట్టారు. కారు కొనేటప్పుడు అలాయ్ వీల్స్‌కి అడక్కుండా ఇచ్చేసే మనిషి పెట్రోల్ బంకు దగ్గర చిల్లర లెక్కపెట్టినట్టు.

సరే, డబ్బులు తర్వాత సంగతి. నా అసలు గొడవ విశ్రాంతితో.

మన ఇళ్ళల్లో జబ్బు మనిషికి ప్రేమ చూపించడమంటే కదలనివ్వకపోవడం. నేను ఇంటికొచ్చిన రోజు నుంచి మా ఆడపడుచు నా మంచం పక్కనే ఉంది, రాత్రి నిద్ర మానేసి చూసుకుంది, ఆ విషయంలో తనకి ఎంత రుణపడి ఉన్నానో నాకు తెలుసు. కానీ తను వచ్చి చేసే మొదటి పని ఏంటంటే నా మోకాలి కింద ఒక మెత్తటి దిండు పెట్టడం. ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మోకాలు కొంచెం వంగి ఉంటే లోపలి వాపుకి చోటు దొరుకుతుంది, నొప్పి తగ్గుతుంది. ఫిజియో అమ్మాయి వచ్చి చూడగానే ఆ దిండు లాగి అవతల పడేసింది. "అమ్మా, గిట్ల పెట్టుకుంటే కాలు వంకరనే ఉండిపోతది, మడమ కింద పెట్టుండ్రి, మోకాలు కిందికి వేలాడాలె" అంది. టవల్ చుట్టచుట్టి మడమ కింద పెట్టింది. మోకాలి కింద ఖాళీ, కాలు బరువుకి అదే మెల్లగా తిన్నగా అవ్వాలి. పావుగంట అలా పడుకుంటే మోకాలి వెనకాల నరాలన్నీ లాగేస్తున్నట్టుండేది, కళ్ళమ్మట నీళ్ళు. ఆ అమ్మాయి గేటు దాటిందో లేదో మా ఆడపడుచు మళ్ళీ దిండు తెచ్చేది. "ఆ పిల్లకేం తెలుసు వదినా నీ నొప్పి, కాసేపు పెట్టుకో, ఎవరు చూడొచ్చారు" అని.

వంగడం గురించి అందరికీ కొంచెం తెలుసు. కాలు పూర్తిగా తిన్నగా అవ్వడం కూడా అంతే ముఖ్యమని ఎవరూ అనుకోరు. అది పది డిగ్రీలు తక్కువైనా నడకలో కుంటు ఉండిపోతుంది, నిలబడినంతసేపూ తొడ కండ పనిచేస్తూనే ఉండాలి కాబట్టి ఊరికే అలిసిపోతాం, కాలు పొట్టి అయినట్టు అనిపించి నడుము నొప్పి కూడా మొదలవుతుంది. దిండు హాయికి ఇచ్చే ధర అది.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి కోణమాని పట్టుకోవడం నేర్పానో లెక్కలేదు. ఇప్పుడు ఆ ఫిజియో అమ్మాయి రెండు పుల్లల కోణమాని ఒకటి తెచ్చి, మధ్యలో గుండీ నా మోకాలి పక్కన ఆనించి, ఒక పుల్ల తొడ వెంట, ఇంకోటి పిక్క వెంట పెట్టి నా కాలిని కొలిచేది. కాలు తిన్నగా ఉంటే సున్నా, వంగినకొద్దీ అంకె పెరుగుతుంది. మొదటి రోజు 60 దాటలేదు. మామూలుగా చదును నేల మీద నడవడానికి ఒక 65, 70 డిగ్రీలు కావాలి, మెట్లెక్కాలంటే 90 దగ్గర్లో, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలంటే అంతకంటే ఇంకొంచెం. అంటే 60 డిగ్రీల కాలుతో నేను మా రెండో అంతస్తు దిగలేను, సోఫాలో కూర్చుంటే లేవలేను. ఆ అంకె నాకు అర్థమయ్యేది కాబట్టి బతికిపోయా. నొప్పి ఎంతుందో కొలవలేం, డిగ్రీలు కొలవగలం. అందుకని క్యాలెండర్ గళ్ళలో, పాలవాడి లెక్క పక్కనే, నా డిగ్రీలు రాసుకునేదాన్ని. 72, 72, 70 (ఆ రోజు బాగా వాచింది), 78. మావారు ఆ గళ్ళు చూశాకే వారానికి రెండుసార్లు అన్న మాట ఎత్తడం మానేశారు.

మంచం అంచున కూర్చుని మడమని పరుపు కిందికి వెనక్కి లాగడం, మంచి కాలుతో ఆపరేషన్ కాలిని ముందు నుంచి తోయడం, తొడ కండ బిగించి అయిదు లెక్కపెట్టడం, కాలు తిన్నగా ఉంచి జానెడు ఎత్తు లేపడం, పాదాలు పైకీ కిందికీ ఆడించడం. వినడానికి చిన్నపిల్లల డ్రిల్లులా ఉంటాయి. ఈ పాదాలు ఆడించేది మరీ సిల్లీగా అనిపిస్తుంది కానీ పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి అదొక రక్షణ, ఆపరేషన్ తర్వాత రక్తం పల్చబడే మాత్రలు ఇచ్చేదీ అందుకే. పిక్క ఉన్నట్టుండి గట్టిపడి వాచి నొప్పి పెట్టినా, ఆయాసం గానీ గుండెల్లో నొప్పి గానీ వచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి నీరు కారుతున్నా అంతే. ఇవన్నీ డిశ్చార్జి కాగితంలో ఉన్నాయి, నిజమే. ఇంగ్లీషులో ఉన్నాయి.

ఈ కాగితం గురించి కొంచెం చెప్పాలి. నా పక్క బెడ్డులో సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది, ఎడమ మోకాలు చేయించుకుంది. ఆవిడ కొడుకు ఆ కాగితాలు పట్టుకొచ్చి "మేడం, ఇందులో ఎస్ఎల్ఆర్ అని రాసిర్రు, ఇది గోలీనా?" అని నన్నడిగాడు. కాలు తిన్నగా పైకెత్తే ఎక్సర్‌సైజ్ పేరు అది, పొడి అక్షరాల్లో. గోలీ అనుకుని మెడికల్ షాపులో అడగబోయాడు పాపం. లక్షలు ఖర్చయ్యే ఆపరేషన్‌కి, బొమ్మలేసి తెలుగులో నాలుగు పేజీలు అచ్చు వేసి ఇవ్వలేరా? బిల్లు మాత్రం దూది ఉండతో సహా లైను లైనుగా రాసిస్తారు. నేను ఒక డ్రాయింగ్ షీటు మీద తెలుగులో రాసి గోడకి అంటించుకున్నా, మా ఆడపడుచుకి కూడా అర్థమవ్వాలని. ఆ అవ్వకి ఊళ్ళో ఫిజియో ఎవరున్నారో, ఎవరు వంచారో.

ఇక తిండి. పప్పు తింటే చీము పడుతుందన్నారు, గుడ్డు వద్దన్నారు, వంకాయ, గోంగూర సరే సరి. కోసిన చోట మానాలన్నా కండ పెరగాలన్నా కావాల్సింది మాంసకృత్తులే, వాటినే ముందు ఆపేస్తారు. కారప్పొడి అన్నం, చారు పెట్టి మంచం మీద కూర్చోబెడితే కండ ఎక్కణ్ణించి వస్తుంది? ఒకావిడ నల్లేరు పచ్చడి తెచ్చారు, ఎముకలు అతుక్కుంటాయని. నా ఎముక మీద లోహం ఉందండీ, అతుక్కోవాల్సిందేమీ లేదు అని చెప్పా, అయినా పచ్చడి బాగుంది, తిన్నా. పక్కింటి బాబ్జీ గారు మాత్రం రోజూ పొద్దున్నే పాయా పంపిస్తానన్నారు, మా ఇంట్లో నీచు వండరు కాబట్టి ఆ ముచ్చట తీరలేదు.

చూడ్డానికి వచ్చేవాళ్ళ గురించి ఎక్కువ రాయను, వాళ్ళు రాకపోతే మళ్ళీ నేనే ఏడ్చేదాన్ని. ఒక్కటే, గంటన్నర కూర్చుంటే ఆ గంటన్నరా కాళ్ళు కిందికి వేలాడేసి నేనూ కూర్చోవాలి, సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయ. దయచేసి పది నిమిషాలు.

ఇంటి సంగతి అయితే, అసలు మన ఇళ్ళు మోకాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవే కావు. మాది ఎనభైల్లో కట్టిన బిల్డింగు, లిఫ్టు లేదు. బాత్రూంకి గడప లాంటి దిమ్మ, లోపల ఎప్పుడూ తడి, చిన్న పీట మీద కూర్చుని బకెట్టూ మగ్గుతో స్నానం. ఆపరేషన్‌కి ముందే మావాడు కోఠీ వెళ్ళి సర్జికల్ షాపులో కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు తెచ్చాడు, పీట తీసేసి ఎత్తు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, గోడకి స్టీలు రాడ్డు బిగించారు. ఇవన్నీ కలిపి ఇంప్లాంట్ ధరలో పదో వంతు కూడా కాదు. ఎవరైనా ఆపరేషన్ డేటు తీసుకుంటుంటే నేను చెప్పేది ఇదే, ముందు బాత్రూం సంగతి చూడండి. మెట్ల దగ్గర సూత్రం ఒకటే, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కర్ర పట్టుకోవాల్సింది నొప్పి లేని వైపు చేత్తో, చాలామంది ఆపరేషన్ కాలి వైపే పట్టుకుని ఊగిపోతూ నడుస్తుంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, ఇది ఆడవాళ్ళకే అర్థమవుతుందేమో. మొదటి నెల మంచం దిగనివ్వరు. మంచినీళ్ళకి లేచినా "అయ్యో, నువ్వెందుకు లేచావు" అంటారు. రెండో నెల కర్ర పట్టుకుని నడవడం చూడగానే ఏమవుతుందంటే, ఎవరూ ఏమీ అనరు, చెడ్డవాళ్ళెవరూ లేరు ఇందులో, ఆడపడుచు తన ఇంటికి వెళ్ళిపోతుంది, వెళ్ళాలి కదా, కోడలికి ఆఫీసు పిలుస్తుంది, మావారు "కాఫీ నేను పెట్టుకుంటాలే" అని నాలుగు రోజులు పెట్టుకుని అయిదో రోజు డికాషన్ ఎందుకు దిగట్లేదో అడగడానికి వస్తారు. అంతే, నేను వంటింట్లో ఉంటా. ఉదయం రెండు గంటలు స్టవ్ దగ్గర నిలబడ్డాక మోకాలు వాచి వేడెక్కి ఉంటుంది, ఇంక ఎక్సర్‌సైజులు ఏం చేస్తాం. అడిగితే అందరూ ఒకటే మాట, "రోజంతా తిరుగుతూనే ఉన్నావుగా, అంతకంటే ఎక్సర్‌సైజ్ ఏముంటుంది?"

ఉంటుంది. స్టవ్ ముందు నిలబడడంలో మోకాలు వంగదు. కూరలు తరిగితే తొడ కండకి బలం రాదు. ఇంటి పని అలసటనిస్తుంది గానీ డిగ్రీలివ్వదు. విశ్రాంతి అని మంచానికి కట్టేసినా, కోలుకుందని వంటింటికి పంపినా మోకాలికి దొరకనిది ఒకటే, రోజూ కొంత సేపు దానికోసమే కేటాయించిన టైం, అప్పుడు ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగకూడదు. నా గళ్ళల్లో చూస్తే తెలిసిపోతుంది, 98 దాకా బాగా ఎక్కి అక్కడే వారాల తరబడి ఆగిపోయింది, సరిగ్గా నేను వంట మొదలుపెట్టిన దగ్గర్నుంచి. మా పక్క వీధిలో నాకంటే ముందు ఆపరేషన్ చేయించుకున్నాయన, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, పొద్దున్నా సాయంత్రం టంచనుగా చేసుకునేవారు, వాళ్ళావిడ ఐసు గడ్డలు తువ్వాల్లో చుట్టి తెచ్చేది. ఆయనకి 120 వచ్చింది. క్రమశిక్షణ అండీ అంటారాయన. క్రమశిక్షణే, కాదనను, కానీ కాఫీ అందించే చెయ్యి కూడా ఉంది కదా అందులో.

దీనికి మా కోడలు ఒక ఎదురు మాట అంది, న్యాయంగానే ఉంది. "అలాగని ఎక్కువ చేసేసినా కష్టమే కదా అత్తయ్యా, మొన్న అంత వాచిపోలేదా?" అని. నిజం. చేసిన వ్యాయామానికి మర్నాటి దాకా వాపు దిగకపోతే మోతాదు ఎక్కువైనట్టే. ఐసు పెట్టుకోవాలి, పడుకుని కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకోవాలి, ఎక్సర్‌సైజ్‌కి అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవడం తప్పేం కాదు. ఆ మాత్రలు అలవాటైపోతాయని భయపడి మానేసి, నొప్పికి వంచడం కూడా మానేసే వాళ్ళని చూశా, అది మరీ నష్టం. రాత్రుళ్ళు నిద్ర పట్టదు, అది చాలా వారాలుంటుంది, ఎవరూ ముందు చెప్పరు. మోకాలి బయటి వైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, నడుస్తుంటే టక్ టక్‌మని చప్పుడు వస్తుంది, నెలల తరబడి వేడిగా ఉంటుంది. ఇవి ముందే తెలిస్తే సగం భయం పోతుంది. విశ్రాంతి వద్దని నేననట్లేదు, రెండు విడతల వ్యాయామాల మధ్యలో పడుకోమనే అంటున్నా. పడుకోవడమే వైద్యం అనుకోవద్దంటున్నా, అంతే.

హాస్పిటల్‌లో ఉండే, మోకాలు వంచే మెషీన్ అద్దెకి తీసుకోండి, పడుకుని ఉంటే అదే వంచుతుంది అని కూడా ఒకరు సలహా ఇచ్చారు. దానిమీద చాలా పరిశోధనలు జరిగాయి, మామూలు వ్యాయామం చేసేవాళ్ళకి దానివల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనపడలేదు. మనమూ కదలక్కర్లేదు, ఎవరూ మనకోసం టైం ఇవ్వక్కర్లేదు, మెషీన్ చూసుకుంటుంది అనేసరికి అందరికీ నచ్చేస్తుంది.

నాకిప్పుడు 112. మెట్రో లిఫ్టు ఎక్కి ఒక్కదాన్నే అమీర్‌పేట వెళ్ళొస్తున్నా, ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు మాత్రం ఇంకా ఎత్తే. కింద కూర్చుని పూజ చెయ్యట్లేదు, కుర్చీ వేసుకుని చేస్తున్నా, దేవుడు ఏమీ అనలేదు, మా పెద్దత్తగారే అన్నారు.

ఎడమ మోకాలు కూడా అరిగిపోయింది. సంక్రాంతి అయ్యాక చేయించేద్దాం అంటున్నారు ఇంట్లో, ఈసారి కూడా రోబో వీడియోలు మొదలయ్యాయి. నేను ఒప్పుకున్నా, కాకపోతే ముందు మూడు నెలల ఫిజియో డబ్బులు తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో ఏ ఇంప్లాంట్ వస్తే అదే వేయించుకుంటానని చెప్పేశా, దానికి ఎవరూ పేచీ పెట్టలేదు. వంటమనిషి దగ్గరే ఆగింది. నెలన్నర పెట్టుకుంటే సరిపోతుందంటారు మావారు. నేను మూడు నెలలకి తగ్గేది లేదంటున్నా.